అతుకు వేయడం కూడా ఇంజనీరింగే

మన కాలేజీలో ప్రాజెక్ట్ ఎక్స్‌పో పెడితే జడ్జీలు ప్రతి స్టాల్ దగ్గరా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఇందులో కొత్తగా ఏముంది?" దానికి జవాబు చెప్పలేని టీముకి మార్కులు రావు. "పాడైపోయిన పాతదాన్ని దేన్నైనా మళ్లీ పనికొచ్చేలా చేశారా?" అని అడిగిన జడ్జిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. అలాంటి స్టాల్ కూడా చూడలేదు. రిపేరు అనేది షెడ్డులో మెకానిక్ చేసే పని, ఇంజనీరు చేసేది కాదు అని మనందరం ఎక్కడో ఒప్పేసుకున్నాం.

నేను ఒప్పుకోను. సరిగ్గా చేసిన రిపేరులో కొత్తది తయారుచేయడానికి పట్టేంత ఆలోచన ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. ఇంకో మాట కూడా అంటాను. సరిగ్గా చేయని రిపేరు అసలు చేయకపోవడం కంటే ప్రమాదం. ఈ రెండూ నాకు అర్థమైంది ఏ క్లాసులోనో కాదు, ఒక పాత పికప్ బండి క్యాబిన్ నేల తుప్పు పట్టినప్పుడు.

బండి మా చిన్నాయనది, ఊరు అవుకు. అవుకు అంటే మీలో చాలామందికి రిజర్వాయర్, టన్నెల్ గుర్తొస్తాయి. మా వైపు వాళ్లకి ముందు గుర్తొచ్చేది నాపరాయి. అవుకు, బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల చుట్టూ గనులు, కోత మిషన్లు, పాలిష్ ఫ్యాక్టరీలు. మన హాస్టల్ వరండాలో ఉన్న బండలు కూడా అటువైపు నుంచి వచ్చినవే అయ్యుంటాయి. ఆ బండలు పెద్ద లోడయితే లారీలో పోతాయి. ఒక ఇంటికో, ఒక గుడి మెట్లకో సరిపడా చిన్న లోడయితే పికప్‌లో పోతాయి. చిన్నాయన బతుకు ఆ చిన్న లోడ్ల మీదే. బండి నంబరు ఇంకా ఏపీ 21, అంటే పాత కర్నూలు జిల్లా నంబరు. 2022లో నంద్యాల జిల్లా వచ్చింది, అంతకు ముందే 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది, నంబరు ప్లేటు మాత్రం పాత జిల్లాలోనే ఉండిపోయింది.

అవుకులో సముద్రం లేదు, ఉప్పుగాలి లేదు, మంచు అసలే లేదు. మరి తుప్పు ఎట్లా పట్టింది? రాయి కోసేటప్పుడు బ్లేడు వేడెక్కకుండా నీళ్లు పోస్తూనే ఉంటారు. రాతిపొడి ఆ నీళ్లలో కలిసి బూడిద రంగు బురద అవుతుంది. ఫ్యాక్టరీ వాకిలంతా అదే. చక్రాలు దాన్ని బండి అడుగుకి చిమ్ముతాయి, డ్రైవరు చెప్పులు దాన్ని లోపలికి తెస్తాయి. కెమిస్ట్రీ బాగా చదివినవాళ్లు ఇక్కడ నన్ను ఆపొచ్చు. "నాపరాయి అంటే సున్నపురాయే కదా, క్షార గుణం ఉన్నచోట ఇనుముకి తుప్పు తక్కువ కదా, కాంక్రీటులో కడ్డీ అందుకే బాగుంటుంది కదా?" అని. కాంక్రీటు విషయం నిజమే. కానీ కాంక్రీటులో ఉండేది ఘాటైన క్షారం, సున్నపురాతి పొడిది చాలా బలహీనమైనది. ఈ బురద చేసే అసలు చెడు ఏంటంటే నీటిని వదలదు. స్పాంజిలా పట్టుకుంటుంది. దాని మీద సీజన్‌లో ఎరువుల బస్తాల బాడుగ. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అది కూడా ఒక రకం ఉప్పే. పగిలిన బస్తా నుంచి రాలిన పొడి తడి రేకుకి తగిలితే సముద్రం పక్కన ఉన్నా లేకపోయినా ఒకటే.

క్యాబిన్‌లో రబ్బరు మ్యాటు, దాని కింద మందమైన ఫెల్టు గుడ్డ. డోరు రబ్బరు చిరిగి వాన నీళ్లు లోపలికి వస్తున్నాయి. నేల రేకుకి నీళ్లు కారిపోవడానికి కంపెనీ పెట్టిన చిన్న కన్నాలు రాతిబురదతో మూసుకుపోయాయి. పైన ఎండ మండుతున్నా ఫెల్టు మాత్రం నెలల తరబడి తడిగానే ఉంది. మ్యాటు తీసేదాకా ఎవరికీ తెలియదు. తీసి చూస్తే క్లచ్ పెడల్ కింద రోడ్డు కనిపించింది.

ఫస్ట్ ఇయర్ ఇంజనీరింగ్ కెమిస్ట్రీలో మనమందరం "డిఫరెన్షియల్ ఏరేషన్ కరోజన్" అని ఒక ప్రశ్నకి బట్టీపట్టి రాశాం. గుర్తుందా? ఒకే లోహంలో గాలి బాగా తగిలే చోటు, గాలి ఆడని చోటు రెండూ ఉంటే, గాలి ఆడని చోటే కరిగిపోతుంది. మ్యాటు కింద జరిగింది అచ్చంగా అదే. తుప్పుకి ఇంకో దుర్గుణం ఉంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు ఉబ్బుతుంది, పెచ్చులూడుతుంది, కింద కొత్త ఇనుమును మళ్లీ గాలికీ నీళ్లకీ అప్పజెబుతుంది. అందుకే తుప్పు దానంతటది ఆగదు.

ఇక షెడ్డు సంగతి. ముందు దగ్గర్లో ఒక షెడ్డుకి పోతే అక్కడాయన రెండు నిమిషాలు చూసి చెప్పాడు. "పైన ఒక రేకు పరిచి రివిట్లు కొట్టి, అంచులకి ఎం-సీల్ పెట్టి నల్ల రంగు కొడతా. సాయంత్రానికి బండి తీసకపో." నంద్యాలలో ఇంకో షెడ్డు ఉంది, బోర్డు మీద 'టింకరింగ్, వెల్డింగ్' అని ఉంటుంది. అక్కడి మేస్త్రీని అందరూ భాయ్ అనే పిలుస్తారు. ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని నేలంతా పొడుచుకుంటూ పోయాడు. చిన్న సుత్తితో కొట్టి విన్నాడు. మంచి రేకు ఠంగుమంటుంది, తిన్న రేకు డబ్బుమంటుంది. చివరికి సీటు బోల్టు దగ్గర స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది.

"మూడు దినాలు పడతాది," అన్నాడు.

"మూడు దినాలు బాడుగ పోతాది భాయ్," అన్నాడు చిన్నాయన.

"సీటు ఊడొస్తే బాడుగ ఒకటే కాదన్నా పోయేది."

అంతే, ఇంక వాదన లేదు. సెలవులు కాబట్టి ఆ మూడు రోజులూ నేను అక్కడే ఉన్నాను. పట్టుకోమన్నది పట్టుకున్నాను, అడగాల్సింది అడిగాను. ఆయన చేసింది వరసగా చెబుతాను, ఇందులో ఇంజనీరింగ్ ఉందో లేదో మీరే చెప్పండి.

ముందు వెల్డింగ్ మిషన్ ముట్టుకోనే లేదు. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పాడు, వెల్డింగ్ కరెంటు బండి వైరింగులోకి పోకుండా. సీట్లు, మ్యాటు, ఫెల్టు తీసేశాడు. బండి కిందకి దూరి, నేలకి ఆనుకుని పోయే డీజిల్ పైపు, బ్రేకు పైపు, వైర్లు ఎక్కడున్నాయో చూసి పక్కకి తప్పించాడు. ఒక బకెట్ నీళ్లు, ఒక తట్ట ఇసుక దగ్గర పెట్టుకున్నాడు. పని మొదలుపెట్టకముందే ఏమేం పాడవ్వొచ్చో లెక్కేసుకోవడం అంటే ఇదే.

తర్వాత వైర్ బ్రష్, గ్రైండర్. పెయింటు పోయి తెల్లగా మెరిసే ఇనుము వచ్చేదాకా గీకడం. కన్నం చూస్తే అరచేయంత. మంచి రేకు దొరికేదాకా కోసుకుంటూ పోతే చేటంత అయ్యింది. చిన్నాయన ముఖం చూడాలి అప్పుడు! కానీ భాయ్ చెప్పిన లెక్క సింపుల్. తుప్పు తిన్న అంచుకి వెల్డింగ్ పెడితే ఆ అంచు కాలిపోతుంది, లేదంటే ఆరు నెలలకి అతుకు చుట్టూ కొత్త కన్నం పడుతుంది. కొత్త రేకు ఎంత మంచిదైనా అది పట్టుకునే అంచు మంచిది కావాలి.

ఆ తర్వాత కొలత. టేపు తీయలేదు, పాత క్యాలెండర్ అట్ట తీశాడు. కన్నం మీద పెట్టి, గీసి, కత్తిరించి, మడిచి, పెట్టి చూసి, మళ్లీ కత్తిరించాడు. అట్ట సరిగ్గా కూర్చున్నాకే రేకు కోశాడు. అట్ట పాడైతే రూపాయి నష్టం, రేకు పాడైతే గంట నష్టం. మనం ప్రోటోటైప్ అని పెద్ద పేరు పెట్టుకున్నది ఇదే కదా. రేకు మందం కూడా ఆయన ఆలోచించే తీసుకున్నాడు. నేల రేకు పలచనిది, దానికి మందమైన రేకు అతికితే, మందం కరిగే వేడికి పలచనిది చిల్లులు పడుతుంది. "మందం వేస్తే గట్టిగా ఉంటాది కదా భాయ్?" అని నేనే అడిగాను. "జోడు ఎద్దుల్లో ఒకటి దున్నపోతయితే కాడి నిలుస్తాదా?" అన్నాడు.

నేల రేకులో నొక్కిన గాడులు ఉంటాయి చూడండి, అవి అందం కోసం కాదు. చదును రేకు వణుకుతుంది, డప్పులా మోగుతుంది. గాడి పడితే అదే మందానికి గట్టితనం వస్తుంది. మనం మెకానిక్స్‌లో మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అని లెక్కలు చేశాం, ఆయన ఆ పేరు వినలేదు. కానీ ఒక ఇనుప పైపు, ఒక సుత్తి పెట్టుకుని కొత్త రేకులో పాత గాడికి కలిసేలా గాడి కొట్టాడు.

వెల్డింగ్ చూస్తే నాకు అసలు సిసలు అల్గారిథమ్ అనిపించింది. ఒక మూల నుంచి మొదలుపెట్టి గీతలాగా పోలేదు. ఇక్కడొక చుక్క, ఎదురుగా ఒక చుక్క, మళ్లీ ఈ మూల, మళ్లీ ఆ మూల. మధ్యలో ఆగి చేయి దగ్గర పెట్టి వేడి చూసుకోవడం. ఎందుకంటే వేడికి సాగిన లోహం చల్లారేటప్పుడు గుంజుకుంటుంది. ఒకే చోట వేడి పెడితే రేకంతా ముడుచుకుపోతుంది. చుక్కలు చుక్కలుగా పోయి, చివరికి చుక్కల మధ్య ఖాళీలు పూడ్చి గీత చేశాడు.

మూడో రోజు నాకు బాగా నచ్చిన రోజు. వెల్డింగ్ పైన చేస్తే దాని వేడికి కిందివైపు పెయింటు కాలిపోతుంది. అది ఎవరికీ కనపడదు. వదిలేస్తే రేపటి తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకే బండి కింద పడుకుని అక్కడ కూడా గీకి, ప్రైమర్ కొట్టి, అతుకు సందుల్లో సీలర్ నింపి, పైన అండర్‌బాడీ కోటింగ్ వేశాడు. తర్వాత మూసుకుపోయిన నీటి కన్నాలన్నీ కమ్మీతో పొడిచి తెరిచాడు. డోరు రబ్బరు మార్చాడు. "నీళ్లు వచ్చే దోవ ముయ్యకుండా రేకు మారిస్తే మళ్లీ నా దగ్గరికే వస్తారు. నాకు బేరమే గానీ, మీకేం లాభం?" అన్నాడు. మన భాషలో చెప్పాలంటే ఎర్రర్ మెసేజ్‌ని దాచలేదు, బగ్‌ని పట్టుకున్నాడు.

ఇప్పుడు మొదటి షెడ్డు ఆయన చెప్పిన పద్ధతి చూడండి. పాత తుప్పు మీద కొత్త రేకు, మధ్యలో తడి, చుట్టూ ఎం-సీల్. గాలి ఆడదు, నీళ్లు పోవు. డిఫరెన్షియల్ ఏరేషన్‌కి ఇంతకంటే మంచి ఏర్పాటు మనం ల్యాబ్‌లో కూడా చేయలేం! పైన పటారం, లోన లొటారం. పైగా ఇంతకు ముందు రోడ్డు కనిపించేది కాబట్టి కనీసం భయం ఉండేది. ఇప్పుడు ఆ భయం కూడా ఉండదు. చెడ్డ రిపేరు ప్రమాదమని నేనన్నది అందుకే. అది వస్తువునీ బాగుచేయదు, లోపాన్నీ చూడనివ్వదు.

బ్రిటన్‌లో బండ్లకి ఏటా చేసే ఎంఓటీ పరీక్షలో దీనికి స్పష్టమైన రూలు ఉంది. సీటు బెల్టు బిగించే చోటు, బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ బిగించే చోట్లు, వాటి చుట్టూ 30 సెంటీమీటర్ల లోపు తుప్పు బలాన్ని తగ్గించిందా అని చూస్తారు. అక్కడ అతుకు వేస్తే చుట్టూరా తెగకుండా వెల్డింగ్ ఉండాలి. రివిట్లు, ఫైబరు, పుట్టీ చెల్లవు. అంటే వాళ్లు రిపేరును వద్దనలేదు, మంచి రిపేరుకీ దొంగ రిపేరుకీ మధ్య గీత గీశారు. మన దగ్గర కూడా ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. ఆ పరీక్షలో మ్యాటు ఎత్తి చూసే రోజు రావాలని నా కోరిక.

ఇక్కడ కొందరు అంటారు, "ఈ గొడవంతా ఎందుకు, పాత బండి తుక్కుకి ఇచ్చేయొచ్చు కదా?" అని. 2021 ఆగస్టు 13న కేంద్రం వాహనాల తుక్కు విధానం మొదలుపెట్టింది. అందులో నాకు నచ్చిన విషయం, వయసు ఒక్కటే చూసి బండిని చంపరు, ఫిట్‌నెస్ పరీక్ష ఫెయిలైతేనే ఆ మాట. ఢిల్లీలో అలా కాదు. 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆదేశాలతో పదేళ్లు దాటిన డీజిల్ బండి, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండి తిరగకూడదన్నారు. 2025 జూలై 1 నుంచి వాటికి బంకుల్లో ఆయిల్ కూడా పోయొద్దని రూలు తెచ్చి, జనం గోల చేసేసరికి కొన్ని రోజుల్లోనే ఆపేశారు. ఢిల్లీ గాలి సమస్య చిన్నది కాదు, నేను కాదనను. బీఎస్-6 ముందు తయారైన డీజిల్ ఇంజను పొగ ఎక్కువ వదులుతుంది, నేలకి ఎంత మంచి అతుకు వేసినా ఆ పొగ తగ్గదు. చాసిసే తుప్పు తినేస్తే ఏ మేస్త్రీ కూడా దాన్ని కాపాడకూడదు, తుక్కుకి పంపాల్సిందే. ఆ మాట భాయ్ కూడా ముందే చెప్పాడు. చాసిస్ మీద సుత్తితో కొట్టి చూశాకే పనికి ఒప్పుకున్నాడు.

కానీ చాసిస్ గట్టిగా ఉండి, ఇంజను పరీక్ష పాసై, ఒక చేటంత రేకు మాత్రమే పోయిన బండిని "పాతది" అన్న ఒక్క కారణంతో పారేయమనడం ఇంజనీరింగ్ కాదు, బద్ధకం. ఒక టన్ను కొత్త ఉక్కు తయారవ్వాలంటే ప్రపంచ సగటున దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఆ లెక్క కొత్త బండి కొనమనేవాళ్లు చెప్పరు. ఇంకో లెక్క కూడా చెప్పరు. చిన్న లోడ్ల మీద బతికే మనిషికి కొత్త పికప్ అంటే మళ్లీ ఐదారేళ్ల కిస్తీలు. బండిని నడిపేవాడు బండికి అప్పు పడితే, ఆ అప్పు తీర్చడానికి మోయకూడనంత లోడు మోస్తాడు. సేఫ్టీ కోసం మార్చిన బండి మీదే సేఫ్టీ పోతుంది.

"మనం సీఎస్ఈ, మనకెందుకు ఇనుము గోల?" అనేవాళ్లకి ఒక మాట. సాఫ్ట్‌వేర్‌లో 'ప్యాచ్' అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? కంప్యూటర్లు కాగితం టేపు మీద, పంచ్ కార్డుల మీద నడిచిన రోజుల్లో, తప్పు ఉన్న చోట కత్తిరించి నిజంగానే అతుకు అంటించేవాళ్లు. రేపు ఉద్యోగంలో మనలో ఎక్కువమందికి ఖాళీ ఫైలు ఇచ్చి కొత్తది రాయమనరు. మనం స్కూల్లో ఉన్నప్పుడు ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ చేతికిచ్చి, "ఇది ఆగకూడదు, బాగుచెయ్" అంటారు. 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ ఇలాంటి వాయిదా వేసిన పనిని అప్పుతో పోల్చాడు, వడ్డీ కట్టాల్సి వస్తుందన్నాడు. ఆయన రెడ్డిగారింట్లో వడ్డీ కట్టి ఉండడు గానీ, పోలిక మాత్రం కరెక్టు. ట్రై-క్యాచ్ పెట్టి ఎర్రర్ మింగేయడం అంటే తుప్పు మీద నల్ల రంగు కొట్టడమే. ఎక్కడిదాకా కుళ్లిందో పొడిచి చూడటం, మంచి అంచు దొరికేదాకా కోయడం, కనపడని వైపు కూడా పూర్తి చేయడం, నీళ్లు వచ్చే దోవ మూయడం... ఈ నాలుగూ కోడ్‌కి కూడా అక్షరాలా వర్తిస్తాయి.

ఇది తెలుగు క్లబ్ మ్యాగజైన్ కాబట్టి ఒక భాష సంగతి కూడా. నేను చదివింది ఇంగ్లిష్ మీడియం. కరోజన్, షీట్ మెటల్, యాన్విల్, ఫైల్ నాకు పుస్తకంలో తెలుసు. తుప్పు, రేకు, దాగలి, ఆకురాయి నాకు ఆ షెడ్డులో తెలిశాయి. తెలుగులో టెక్నికల్ పదాలు లేవని ఏడ్చే మనం, అవి ఉన్న చోటికి వెళ్లడం లేదు. అవి నిఘంటువుల కంటే ఎక్కువగా వెల్డింగ్ షాపుల్లో బతికి ఉన్నాయి. ఆ షాపులు పోతే ఆ మాటలూ పోతాయి.

ఊరికే విమర్శించి వదిలేయడం నాకు ఇష్టం లేదు. అందుకే రెండు ప్రతిపాదనలు. ఒకటి, ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్‌లో టిన్ స్మితీ కింద మనందరం కొత్త రేకు తీసుకుని ట్రే, గరాటు చేశాం. వైవా అయ్యాక అవి ఏ మూల పడ్డాయో ఎవరికీ తెలియదు. దాని బదులు ప్రతి బ్యాచ్‌కి తుక్కు షాపు నుంచి ఒక తుప్పు పట్టిన డోరో, నేల రేకో తెచ్చి ఇవ్వాలి. ఎక్కడిదాకా కోయాలి, ఎందుకు, ఏ మందం వేయాలి, మళ్లీ పట్టకుండా ఏం చేయాలి అని రాయించాలి, చేయించాలి. రెండు, వచ్చే ఎక్స్‌పోలో 'రిపేరు' అని ఒక క్యాటగిరీ పెట్టాలి. చచ్చిపోయిన మిక్సీ కావచ్చు, లైబ్రరీలో మూలపడ్డ కంప్యూటర్ కావచ్చు, సీనియర్లు వదిలేసిన కాలేజీ యాప్ కావచ్చు. కేంద్రం 2022లోనే రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది. బాగుచేసుకునే హక్కు చట్టం ఇవ్వొచ్చు, బాగుచేసే చెయ్యి మాత్రం మన దగ్గరే తయారవ్వాలి.

ఆ క్యాటగిరీకి జడ్జిగా ఎవరిని పిలవాలంటే, నంద్యాల భాయ్‌ని పిలుద్దాం అంటాను నేను. చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తాడు. మన పీపీటీలు ఆయన చూడడు, నేరుగా పొడిచి చూస్తాడు.